మారని ఫైలు, మారే యంత్రం

జంషెడ్‌పూర్‌లో మెయింటెనెన్స్ అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. 1912 ఫిబ్రవరి 16న అక్కడ తొలి ఉక్కు దిమ్మె పోతపోశారు. ఆనాటి నుంచి ఊరంతా షిఫ్టుల గంటలతోనే నడుస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి టాటానగర్ స్టేషన్లో దిగి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఈ సంగతి బాగా తెలుసు. ఎన్ని టన్నుల ఉక్కు తీశారో పేపర్లో వస్తుంది. కొలిమి లోపలి ఇటుక గోడ అరిగిపోతే మార్చినవాళ్ల పేరు మాత్రం రాదు. వాళ్లు పని ఆపితే ఆ టన్నుల లెక్క కూడా ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి విభాగం ఒకటుంది. దానికి జీతాలు లేవు, షిఫ్టులు లేవు. ఎక్కువమంది రాత్రిళ్లు, ఆదివారాలు పనిచేస్తారు.

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన పాత కంప్యూటర్ ఉందనుకుందాం. టెర్మినల్ తెరిచి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ యురేకా’ అని కొడతాడు. ఇంటర్నెట్ బాగుంటే కొద్దిసేపట్లోనే యురేకా అనే ప్రోగ్రాం దిగిపోతుంది. అది డూమ్ అనే పాత కంప్యూటర్ ఆటకు కొత్త స్థాయిలు, అంటే లెవెళ్లు, గీసే ఎడిటర్. నల్లటి తెరమీద చుక్కలు పెట్టి, గీతలు కలిపి, గదులు కట్టి, వాటిలో తలుపులూ శత్రువులూ పెట్టుకోవచ్చు. విద్యార్థికి పైసా ఖర్చు లేదు, ఎవరినీ అడగాల్సిన పనీ లేదు. ఆ కొద్దిసేపటి సౌకర్యం వెనక ముప్పై ఏళ్లకు పైబడ్డ చేతుల వరస ఉంది.

డూమ్ 1993 డిసెంబర్ 10న విడుదలైంది. చేసింది అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్. అందులో ప్రధాన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ అప్పుడు తీసుకున్న ఒక నిర్ణయం వల్లే ఈ కథంతా నడిచింది. ఆటను నడిపించే ఇంజన్ను ఒకవైపు, ఆటలోని బొమ్మలు, శబ్దాలు, పటాలను మరోవైపు విడిగా పెట్టాడు. రెండోది మొత్తం ‘వాడ్’ అనే ఒకే రకం ఫైల్లో ఉంటుంది. ఇంజన్ను ముట్టుకోకుండా వాడ్ మారిస్తే ఆట మారిపోతుంది. అభిమానులు మార్చుకోవాలన్నదే కార్మాక్ కోరిక కూడా.

అయితే కంపెనీ అప్పట్లో తన సొంత ఎడిటర్ను అభిమానులకు ఇవ్వలేదు. అది నెక్స్ట్ కంప్యూటర్ల మీద నడిచేది, ఆ యంత్రాలు మామూలు ఇళ్లలో ఉండేవి కావు. అభిమానులు ఆగలేదు. వాడ్ ఫైలును బైటు బైటుగా విప్పి చూసి, న్యూజిలాండ్‌లోని బ్రెండన్ వైబర్, బెల్జియంలోని రఫాయెల్ కినే ఇంటర్నెట్ మీదే కలిసి పనిచేసి, 1994 జనవరి 26న డీఈయూ అనే ఎడిటర్ను బయటపెట్టారు. ఆట వచ్చి ఏడు వారాలు కూడా కాలేదు. డీఈయూ నుంచి ఆంద్రే మజోరెల్ యునిక్స్ యంత్రాల కోసం యాడెక్స్ అనే ఎడిటర్ తయారుచేశాడు. యాడెక్స్ పని 2003 ప్రాంతంలో ఆగింది. దాని కోడ్ తీసుకుని ఆండ్రూ ఆప్టెడ్ యురేకాను కట్టాడు. ఆప్టెడ్ తర్వాత ఇప్పుడు ఇయోవాన్ కేరా దాన్ని ముందుకు నడుపుతున్నాడు. ఒక్క ప్రోగ్రాంలో నాలుగు తరాల కోడ్ ఉందన్నమాట. మూల కోడ్ అందరికీ తెరిచి ఉండబట్టే ఒకరు వదిలిన చోట ఇంకొకరు పట్టుకోగలిగారు. యాడెక్స్ మూసి ఉన్న వాణిజ్య ప్రోగ్రాం అయితే అది 2003లోనే ముగిసిపోయేది.

ఇంతమంది చేతులు మారినా, 1993 నాటి వాడ్ ఫైలు అమరిక మాత్రం మారలేదు. దాన్ని లోపలికి వెళ్లి చూడాలి. ఇలాంటి ప్రోగ్రాంలను కాపాడుకుంటూ వచ్చే మెయింటెయినర్ పని ఎందుకు కష్టమో అక్కడే తెలుస్తుంది.

ఫైలు మొదట 12 బైట్ల శీర్షిక ఉంటుంది. మొదటి నాలుగు బైట్లు ఇది అసలు ఆట ఫైలా, అభిమానులు చేసిన అదనపు ఫైలా చెబుతాయి. తర్వాతి నాలుగు బైట్లు లోపల ఎన్ని ముక్కలున్నాయో, చివరి నాలుగు ఆ ముక్కల జాబితా ఎక్కడుందో చెబుతాయి. జాబితాలో ఒక్కో పద్దు 16 బైట్లు: స్థానం, పరిమాణం, ఎనిమిది బైట్ల పేరు. ఒక్క లెవెల్ ఉన్న మామూలు డూమ్ ఫైల్లో 11 ముక్కలుంటాయి. ఒకటి పేరు మాత్రమే, మిగతా పదిలో పటం. గదిలోని ప్రతి మూల ఒక బిందువు, దానికి నాలుగు బైట్లు. ప్రతి గోడ ఒక గీత, దానికి 14 బైట్లు. శత్రువు, తుపాకీ, మందుల పెట్టె వంటి ప్రతి వస్తువుకూ 10 బైట్లు. నాలుగు మెగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్ కోసం రాసిన పొదుపు ఇది.

ఎనిమిది బైట్ల పేరు తెలుగువాళ్లకు ఎంత ఇరుకో లెక్కేయవచ్చు. ఇవాళ కంప్యూటర్లలో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపి గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ‘మా’ రాస్తే మకారానికి మూడు, దీర్ఘానికి మూడు, మొత్తం ఆరు. ‘మా ఊరు’ అంటే మధ్య ఖాళీతో కలిపి 16 బైట్లు. కాబట్టి లెవెల్ పేరు తెలుగులో పెట్టడం ఆ ఫైలు అమరికలో కుదరదు. ఫైలును దాచుకునే ఫోల్డర్ పేరు తెలుగులో ఉండటం మాత్రం న్యాయమైన కోరిక. అది కుదిరింది కూడా ఊరికే కాదు. యురేకా కిటికీలూ బొత్తాలూ గీసే ఎఫ్‌ఎల్‌టీకే అనే లైబ్రరీ 2011లో 1.3 వెర్షన్ దగ్గర యూటీఎఫ్-8కు మారింది. లైబ్రరీ ఒక మెట్టు ఎక్కిన ప్రతిసారీ, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాంలన్నీ ఎక్కగలవో లేదో ఎవరో ఒకరు చూడాలి.

పటం గీయడంతో లెవెల్ పూర్తికాదు. ఆటగాడు నిలబడ్డ చోటు నుంచి ఏ గోడ ముందు, ఏ గోడ వెనక అన్నది 1993 నాటి ప్రాసెసర్ ప్రతి క్షణం లెక్కేసుకోలేదు. అందుకు కార్మాక్ 1980లో ఫుక్స్, కెడెమ్, నేలర్ అనే శాస్త్రజ్ఞులు ప్రచురించిన ఒక పద్ధతిని వాడుకున్నాడు. పటాన్ని ఒక గీతతో రెండుగా కోయాలి. ఒక్కో సగాన్నీ మళ్లీ రెండుగా కోయాలి. ప్రతి ముక్కా లోపలికి గుంట లేని ఆకారం అయ్యేదాకా అలా కోసుకుంటూ పోతే చివరికి ఒక చెట్టు తయారవుతుంది. ఆట నడిచేటప్పుడు ఆ చెట్టు కొమ్మల వెంట నడిస్తే దగ్గరి గోడలు ముందుగా, దూరపు గోడలు తర్వాత వరసగా దొరుకుతాయి. ఈ కోత ఆటలో కాదు, ముందే, ఎడిటర్ దగ్గరే జరుగుతుంది.

చిక్కంతా కోత గీత గోడను ఖండించే చోట ఉంది. అక్కడ కొత్త బిందువు పుడుతుంది. దాని అసలు స్థానం 417.38 కావచ్చు. కానీ ఫైల్లో మైనస్ 32,768 నుంచి 32,767 దాకా పూర్ణాంకాలకే చోటుంది. బిందువు పక్కకు జరుగుతుంది, గోడ వెంట్రుకవాసి వంకర పోతుంది. ఆటలో ఆ సందులోంచి నేల రంగు సన్నని చారలా కారినట్టు కనిపిస్తుంది. అభిమానులు దాన్ని జిగురు చార అంటారు. పైగా దశాంశ లెక్కల్లో అన్ని ప్రాసెసర్లూ ఒకేలా ప్రవర్తించవు. పాత 32 బిట్ల ఇంటెల్ యంత్రాలు మధ్యంతర ఫలితాన్ని 80 బిట్లలో పట్టుకునేవి, ఇప్పటివి 64 బిట్లలో పట్టుకుంటాయి. ఒకే పటం, ఒకే ప్రోగ్రాం, రెండు యంత్రాల మీద రెండు రకాల కోతలు రావచ్చు. ‘నా దగ్గర బాగానే ఉంది’ అని ప్రోగ్రామర్, ‘నా దగ్గర చార వస్తోంది’ అని వాడుకరి అంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

ఇక ప్యాకేజీ సంగతి. డెబియన్ను ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న ప్రకటించాడు, అంటే అది డూమ్ కన్నా దాదాపు నాలుగు నెలలు పెద్దది. ఎవరో రాసిన ప్రోగ్రాంను తీసుకుని, ఏ యంత్రం మీదనైనా ఒక్క ఆజ్ఞతో దిగేలా ప్యాకేజీగా సిద్ధం చేయడం అక్కడి వలంటీర్ల పని. అసలు రచయితల్ని వాళ్లు అప్‌స్ట్రీమ్ అంటారు. ప్యాకేజీ చేసేవాళ్లు అప్‌స్ట్రీమ్ కోడ్‌కు ‘డెబియన్’ అనే ఒక ఫోల్డర్ జోడిస్తారు. కట్టడానికి ఏ లైబ్రరీలు కావాలి, ఎలా కట్టాలి, ఏ ఫైలు ఎక్కడ పడాలి, ఎవరి హక్కు ఏ షరతుల మీద ఉంది, ప్రతి వెర్షన్లో ఏం మారింది, అన్నీ అందులోనే రాసి ఉంటాయి. కాపీహక్కుల ఫైలు రాయడం కొత్తవాళ్లకు విసుగు పుట్టించే పని. నాలుగు తరాల ఎడిటర్‌కు అది నిజానికి వంశవృక్షం. ఏ ఫైల్లో ఎవరి కోడ్ ఉందో తేల్చకపోతే, కొత్త ప్యాకేజీల్ని పరిశీలించే బృందం గడప దాటనివ్వదు.

ఆ ఫోల్డర్ డెబియన్ సర్వర్‌కు చేరాక అసలు పరీక్ష మొదలవుతుంది. డెబియన్ ఒక్క ఇంటెల్ కంప్యూటర్లకే కాదు, ఆర్మ్ చిప్పులకూ, పవర్ యంత్రాలకూ, ఐబీఎం పెద్ద మెయిన్‌ఫ్రేములకూ ఉంది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 నుంచి రిస్క్-వీ అనే చిప్పుల రకం కూడా చేరింది. అన్నిటి కోసమూ ప్యాకేజీని సర్వర్లే తమంతట తాము కడతాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేం మీద కూర్చుని డూమ్ లెవెల్ గీసేవాడు ఉండడు, నిజమే. కానీ దొంగ తప్పుల్ని పట్టిచ్చేది ఆ యంత్రమే. వాడ్ ఫైల్లో సంఖ్యలు చిన్న బైటు ముందు, పెద్ద బైటు చివర ఉండేలా రాసి ఉన్నాయి. మెయిన్‌ఫ్రేం వాటిని తిరగేసి చదువుతుంది. చదివేటప్పుడు బైట్లు తారుమారు చేయాలని కోడ్‌లో రాయడం మరిచిపోతే, 11 ముక్కలున్న ఫైల్లో 18,45,49,376 ముక్కలున్నాయని నమ్మి ప్రోగ్రాం కుప్పకూలుతుంది.

ఆర్మ్‌తో మరో రకం చిక్కు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ‘క్యార్’ అనే ఒక బైటు గడిలో ఋణ సంఖ్యలు ఉండవచ్చా లేదా అన్నది భాష తేల్చలేదు, యంత్రానికి వదిలేసింది. ఇంటెల్ లినక్స్‌లో ఉండవచ్చు, ఆర్మ్ లినక్స్‌లో కుదరదు. ‘ఏమీ లేదు’ అని చెప్పడానికి ఆ గడిలో మైనస్ 1 పెట్టి, తర్వాత సున్నా కన్నా తక్కువా అని అడిగితే, ఇంటెల్ అవునంటుంది. ఆర్మ్‌కు అక్కడ 255 కనిపిస్తుంది, కాదంటుంది. డూమ్ ఫైలు అమరికలోనే ఇలాంటిది ఉంది. గోడకు అవతలి వైపు లేకపోతే అక్కడ 65,535 రాస్తారు, పదహారు బిట్లలో అది మైనస్ 1కి కవల. ఏ కంటితో చూస్తున్నామన్నది కోడ్‌లో స్పష్టంగా ఉండాలి.

యంత్రాలు మారినట్టే భాషలూ మారతాయి. డూమ్ రాసిన కాలంలో సీ భాషకు నిజం, అబద్ధం అనే విలువలు సొంతంగా లేవు. అందుకే ఆ కోడ్‌లో వాళ్లే ఒక వరుసలో ‘ఫాల్స్’, ‘ట్రూ’ అని పేర్లు పెట్టుకున్నారు. కార్మాక్ 1997 డిసెంబర్ 23న ఆ కోడ్ను లోకానికి ఇచ్చినప్పటి నుంచి ఆ వరుస ఎన్నో వారస ప్రోగ్రాంలలోకి పాకింది. 2023 నాటి సీ ప్రమాణంలో ఆ రెండు పదాలూ భాష సొంతమైపోయాయి. 2025 వసంతంలో వచ్చిన, కోడ్ను యంత్ర భాషలోకి మార్చే జీసీసీ 15 కంపైలర్ ఆ ప్రమాణాన్నే మామూలుగా పాటిస్తుంది. ముప్పై ఏళ్లు నిక్షేపంగా కట్టిన వరుస ఒక్కరోజులో తప్పైపోయింది. సీ ప్లస్ ప్లస్ వైపు కూడా ఇదే కథ. డూమ్ కుటుంబంలో ‘బైట్’ అనే సొంత పేరు వాడుకోవడం మామూలు. 2017 ప్రమాణంలో అదే పేరుతో భాష తన రకాన్ని తెచ్చింది, జీసీసీ 11 ఆ ప్రమాణాన్ని అలవాటుగా చేసుకుంది. ఒకే పేరుకు ఇద్దరు యజమానులైతే కంపైలర్ ఆగిపోతుంది. కొత్త కంపైలర్ వచ్చేముందు డెబియన్ వేల ప్యాకేజీల్ని దానితో ఓసారి కట్టి చూస్తుంది. కట్టడం కుదరని ప్రతి ప్యాకేజీ మీదా ఒక బగ్ నమోదవుతుంది. గడువులోగా సరిచేయకపోతే ఆ ప్యాకేజీ తర్వాతి విడుదలలో ఉండదు. కోడ్‌లో ఎవరూ చేయి పెట్టకపోయినా ప్రోగ్రాం చెడిపోవడం అంటే ఇదే. మంచి మెయింటెయినర్ సగం పని ఇలాంటి రెండు మూడు వరుసల మరమ్మతులే.

ఆ మరమ్మతుల్ని ప్యాచ్‌లుగా విడివిడిగా దాస్తారు. ఒక్కోదాని తలమీద ఎవరు రాశారు, ఎందుకు, అప్‌స్ట్రీమ్‌కు పంపారా లేదా అని రాయాలి. చివరి గడి అన్నిటికన్నా విలువైనది. మరమ్మతు అసలు రచయితకు చేరితే ఫెడోరా, ఆర్చ్ వంటి ఇతర లినక్స్ పంపిణీలకూ అందుతుంది. చేరకపోతే, ప్రతి కొత్త వెర్షన్‌కూ ఆ ప్యాచ్‌ను మళ్లీ అతికించుకుంటూ ఉండాలి.

ప్యాచ్ ఎంత చిన్నదైనా భయభక్తులతో వేయాలని డెబియన్‌కు ఒక చేదు అనుభవం నేర్పింది. 2006లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, ఒక తనిఖీ పరికరం హెచ్చరిస్తోందని చిన్న మార్పు చేశారు. దాంతో రహస్య తాళాలు పుట్టించే యాదృచ్ఛికత దాదాపు ఆవిరైపోయింది. ఒక రకం, ఒక పరిమాణం తాళానికి మిగిలిన అవకాశాలు 32 వేల పైచిలుకు మాత్రమే. 2008 మే 13న లోకానికి తెలిసింది. అప్పటికి దాదాపు రెండేళ్లుగా ఆ తాళాలు ఎన్నో సర్వర్లలో చేరిపోయాయి. ఎడిటర్ ప్యాకేజీలో తప్పు చేస్తే బ్యాంకు కొల్లగొట్టినట్టు కాదు. ఎవరో నెలలపాటు గీసుకున్న పటం మాత్రం పాడవుతుంది, గీసినవాడికి అది చిన్న నష్టమేమీ కాదు. ఫైలు దాచే భాగంలో చేయి పెట్టేముందు, పాత వాడ్‌లు తెరిచి, మళ్లీ దాచి, బైట్లు సరిపోతున్నాయో చూడాలి.

కోడ్ను అందించేవాళ్లని నమ్మడం ఇంకో సమస్య. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగ తలుపు ఉందని ప్రకటించాడు. డెబియన్ అభివృద్ధి వెర్షన్లో సర్వర్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతుంటే అనుమానించి తవ్వాడు. అలసిపోయిన ఒంటరి మెయింటెయినర్‌కు రెండేళ్లకు పైగా సాయం చేసినట్టు నటించి, నమ్మకం సంపాదించి, ఒక మారుపేరు వ్యక్తి దాన్ని లోపల పెట్టాడు. దాన్ని మేల్కొలిపే వరుసలు బహిరంగ కోడ్ గిడ్డంగిలో లేవు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉన్నాయి. డెబియన్ ప్యాకేజీల లోపలి సరుకును మూట కట్టేదీ చాలావరకు ఎక్స్‌జెడ్ పద్ధతిలోనే. ఆ తర్వాత మెయింటెయినర్లు మూటనూ గిడ్డంగినీ పోల్చి చూడటం మీద మరింత పట్టుదలగా ఉన్నారు. ఒకే కోడ్ను ఇద్దరు వేర్వేరుగా కడితే బైటు బైటూ ఒకటేలా రావాలన్న ఉద్యమం అంతకు ముందే మొదలైంది. ప్రోగ్రాం లోపల ‘కట్టిన తేదీ’ అని ఒక వరుస ఉన్నా ఆ పోలిక చెడుతుంది. అందుకే కట్టే సమయాన్ని గడియారం నుంచి కాకుండా మార్పుల జాబితాలోని తేదీ నుంచి తీసుకోమంటారు.

హక్కుల చిక్కు కూడా ఉంది. డూమ్ ఇంజన్ 1999లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. బొమ్మలు, శబ్దాలు, అసలు లెవెళ్లు ఇప్పటికీ కంపెనీవే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విభాగంలో ఉండే ప్యాకేజీ, స్వేచ్ఛ లేని సరుకు మీద ఆధారపడకూడదన్నది డెబియన్ నియమం. గోడకు అంటించే బొమ్మలే లేకపోతే ఎడిటర్ దేనికి? 2001లో సైమన్ హోవర్డ్ మొదలుపెట్టిన ఫ్రీడూమ్ ఈ ఖాళీని పూడ్చింది. వలంటీర్లు రాక్షసుల నుంచి రాతి గోడల దాకా ప్రతి బొమ్మనూ, ప్రతి శబ్దాన్నీ కొత్తగా తయారుచేసి, ఎవరైనా వాడుకునేలా ఇచ్చారు. బారిడీహ్ విద్యార్థి ఆట కొనకుండానే యురేకా, ఫ్రీడూమ్ కలిపి చట్టబద్ధంగా సొంత లెవెల్ గీసుకోగలడు. డబ్బు లెక్కపెట్టుకునే విద్యార్థికి ఇది చిన్న సంగతి కాదు.

వాడుకరుల ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేది ‘మీ దగ్గర పాత వెర్షనే ఉంది’ అన్నది. డెబియన్ స్థిర విడుదల సుమారు రెండేళ్లకు ఒకసారి వస్తుంది. వచ్చాక అందులో తీవ్రమైన తప్పులే సరిచేస్తారు, కొత్త హంగులు చేర్చరు. మెయింటెయినర్ రెండు వైపులా నిలబడాలి. అప్‌స్ట్రీమ్ తన కొత్త వెర్షన్ వెంటనే చేరాలంటుంది, పంపిణీ నిలకడ కోరుతుంది. కొత్త వెర్షన్లో దాచిన ఫైలు పాతదానిలో తెరుచుకోకపోతే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులకు పని ఆగుతుంది. ఆ కోణంలో చూస్తే నిలకడ పక్షమే సరైనదనిపిస్తుంది.

ముందు రాబోయే పనులూ కనిపిస్తూనే ఉన్నాయి. లినక్స్ తెరలు ఎక్స్ అనే పాత వ్యవస్థ నుంచి వేలాండ్‌కు మారుతున్నాయి. ఎఫ్‌ఎల్‌టీకే 1.4 వేలాండ్‌ను నేరుగా అర్థం చేసుకుంటుంది, ఆ వెర్షన్‌కు ప్రోగ్రాంలను మార్చాలి. కాలం లెక్క మరొకటి. సెకన్లను 32 బిట్లలో లెక్కించే యంత్రాల గడియారం 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే వెనక్కి తిరిగి 1901కి పోతుంది. డెబియన్ ఇప్పటికే 32 బిట్ల ఆర్మ్‌ను 64 బిట్ల కాలానికి మార్చింది. ఆ ఒక్క మార్పుకు ఎన్నో లైబ్రరీల పేర్ల చివర ‘టీ64’ అని తగిలించి, వాటి మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ కట్టాల్సి వచ్చింది.

తెలుగు నేలకు ఈ పని కొత్తది కాదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసింది. చిన్నపిల్లల బడుల కోసం బాల స్వేచ్ఛ కూడా తెచ్చింది. అలాంటి కూర్పులన్నీ ఎవరెవరో కాపాడుకుంటూ వచ్చిన ప్యాకేజీల మీదే నిలుస్తాయి. మన కాలేజీల్లో ప్రోగ్రాం కొత్తగా రాయడం నేర్పుతున్నారు, ఇతరులు రాసినదాన్ని చదివి బతికించడం దాదాపు నేర్పడం లేదు. ఉద్యోగంలో చేరాక ఎక్కువ రోజులు చేయాల్సింది రెండో పనే.

ఈ పని మొదలుపెట్టడానికి పరీక్ష లేదు, సిఫారసు అక్కర్లేదు. డెబియన్లో బగ్ నమోదు ఈమెయిల్ మీదే నడుస్తుంది. కొత్తవాళ్లు చేసిన ప్యాకేజీని అనుభవమున్న సభ్యుడు చూసి, తన డిజిటల్ సంతకంతో ఎక్కిస్తాడు. అనాథలైన ప్యాకేజీల జాబితా బహిరంగంగా ఉంటుంది. అంత వెతకాల్సిన పని కూడా లేదు. ‘హౌ కెన్ ఐ హెల్ప్’ అనే చిన్న ప్యాకేజీ వేసుకుంటే, కొత్తది ఏది ఇన్‌స్టాల్ చేసినా చివర్లో ఒక జాబితా చూపిస్తుంది: ఇదే కంప్యూటర్లో ఉన్నవాటిలో ఏది అనాథ అయింది, ఏది విడుదల నుంచి జారిపోబోతోంది, ఏ బగ్ కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అనువైనది.